హౌగాంగ్ మందుల కొట్లో త్రాసు

2000వ సంవత్సరం. సింగపూర్‌లో ఎవర్ని కదిపినా కంప్యూటర్ల మాటే. నేను మాత్రం త్రాసులు బాగుచేసేవాణ్ణి. లిటిల్ ఇండియా పచారీ కొట్ల కాటాల నుంచి జురాంగ్ ఐలాండ్‌లో లారీలు తూచే వేబ్రిడ్జి దాకా అన్నీ నా చేతి మీదుగా నడిచినవే. పని చిన్నప్పుడే వచ్చింది, చదువు నలభై దాటాక వచ్చింది. కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను.

ఆ ఏడాది హౌగాంగ్‌లో ఒక చీనా మందుల కొట్టు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది యజమాని అల్లుడు రేమండ్, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ.

"అంకుల్, త్వరగా రండి లా. మా మామగారు శనివారం నుంచి కొట్టు మూసేస్తానంటున్నారు. ఆయన తూచిన మందు తాగి ఒక ముసలి ఆంటీకి నాలుక మొద్దుబారింది, గుండె దడ వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది. అయినా ఈయన వినట్లేదు."

మర్నాడు ఉదయం తొమ్మిదికి వెళ్ళాను. పెద్దాయనకు డెబ్బై అయిదు దాకా ఉంటాయి. ఇక్కడ కొట్టు యజమానిని తౌకే అంటాం. ఇద్దరం బజారు మలయ్‌లో మాట్లాడుకున్నాం.

ఆయన త్రాసు చేత్తో ఎత్తి పట్టుకునే రకం. ఎముక కాడ, దాని కొసన దారాలకు వేలాడే ఇత్తడి పళ్ళెం, కాడ మీద జారే చిన్న గుండు. నా టెస్ట్ వెయిట్లు తీశాను. అంటే బరువు ఖాయం చేసి ముద్ర వేసిన తూకపు రాళ్ళు. ఒకటి, మూడు, పది గ్రాములు వేసి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

"త్రాసుకేం కాలేదు తౌకే."

"తెలుసు తంబీ. పాడైంది నేను."

మనిషి లోపల షెన్ అని ఒకటుంటుందట. ప్రాణమనండి, ఆత్మ అనండి. దాన్ని పెంచుకోవడమే మనిషి అసలు పని అని పాతకాలపు చీనా గురువులు చెప్పారట. "మందు కుండ కింద నిప్పులా చూసుకోవాలి. ఎగదోస్తే మాడుతుంది, వదిలేస్తే ఆరుతుంది. అది నిలిస్తే చెయ్యి నిలుస్తుంది, చెయ్యి నిలిస్తే కాడ నిలుస్తుంది" అన్నాడు. మూడు నెలలుగా కాడ నిలవడం లేదట. కొట్టు తెరిచే ముందో గంట, మూశాక ఇంకో గంట కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాడు. రోజురోజుకీ ఇంకా పాడవుతోంది.

"షెన్ చెదిరినవాడు మందు తూచకూడదు."

నేను ఇనుమునీ ఇత్తడినీ నమ్మినవాణ్ణి. "కాసేపు కూర్చుంటా" అన్నాను.

పదింటికి రేమండ్ వచ్చాడు. మూడు నెలల క్రితం వెనక గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి వెబ్‌సైట్ల వ్యాపారం మొదలెట్టాడు. ఆ వేడి బయటికి తోలడానికి ఆ గది గుమ్మంలో నేలమీద, కొట్టు వైపు తిప్పిన పెద్ద ఫ్యాను. అది తిరగగానే పళ్ళెం కింద నుంచి గాలి ఎగదన్నింది. మూడు గ్రాముల రాయి వేస్తే త్రాసు రెండు చూపించింది. ఫ్యాను ఆపించాను, మూడు. వేయించాను, రెండు. అంటే త్రాసు మూడు చూపించేదాకా మందులో పడే వేరు ముక్కలు వేస్తూ పోతే మోతాదు దాటిపోతుంది.

"తప్పు మీది కాదు తౌకే, ఫ్యానుది." పెద్దాయన సంతోషిస్తాడనుకున్నాను.

"తెలుసు. మొదటి రోజే చూశాను."

నాకు ఒళ్ళు మండింది. "తెలిసే తూచారా?"

"గాలికి చెదిరిపోయేది షెన్ ఎలా అవుతుంది తంబీ? ఊపిరి ఇంకా నిలిపితే చెయ్యే సర్దుకుంటుందనుకున్నా. అల్లుడు కొత్తగా పెట్టుకున్నాడు. ఫ్యాను తీయమంటే కూతురు చిన్నబుచ్చుకుంటుంది. అది తిరిగినప్పుడల్లా కోపం వచ్చేది. మింగేవాణ్ణి. మింగడమే సాధన అనుకున్నా."

"సాధన మీ ఒంటి మీద చేసుకోండి తౌకే. ఆ ముసలావిడ నాలుక మీద కాదు."

ఆయన మొహం ఎర్రబడింది. ఇక పొమ్మంటాడని నేను రాళ్ళు పెట్టెలో సర్దుకున్నాను. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళాడు.

"రేమండ్, ఆ ఫ్యాను నా త్రాసును చెడగొడుతోంది. కిటికీ వైపు తిప్పు."

"అంతేనా, పప్పా? మూడు నెలల నుంచి ఎందుకు చెప్పలేదు? రెండు నిమిషాల పని లా!"

నిజంగానే రెండు నిమిషాలు పట్టింది. తౌకే త్రాసు ఎత్తాడు. కాడ నిలిచింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"గురువులు ఇంకో మాట కూడా అన్నారు. చేయాల్సింది చేయకపోతే లోపలిది తిండిలేక చిక్కిపోతుందని. కూర్చోమన్న చోటు బాగా చదివాను. ఈ చోటు త్వరగా దాటేసినట్టున్నా."

"మరి శనివారం కొట్టు?"

"తెలిసే తూచానని ముందు ఆవిడకి చెప్పాలి. మూయాలో వద్దో ఆవిడ చెబుతుంది."

అప్పుడే చెప్పులేసుకుని బయల్దేరాడు.

శనివారం నా పని మీద అటు వెళ్ళాను. కొట్టు తెరిచే ఉంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఆయన్ని కడిగేస్తోంది. ఆయన తల వంచుకుని ఆవిడ మందు ఒక్కొక్క ముక్కా వేసి తూస్తున్నాడు. కాడ నిలిచే ఉంది.

నా రిపోర్టులో 'త్రాసు బాగుంది, ఫ్యాను తిప్పారు' అని రాశాను. అంతకుమించి రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. కానీ అప్పటి నుంచి, త్రాసు తప్పు చూపిస్తోందని ఎవరు పిలిచినా ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసేవాణ్ణి. ఆ తర్వాత ఆ కొట్లో ఎవరు ఎవరికి ఏ మాట చెప్పకుండా మింగుతున్నారో చూసేవాణ్ణి. చాలాసార్లు పెట్టె విప్పే పనే పడలేదు.