సింహాచలమ్మ గారి వ్యానులో ఫ్యాను బిగించిన వైనం

ముందే చెప్పేస్తున్నాను, నాకు అతిశయోక్తి జబ్బు ఉంది. దోమ కుడితే గద్ద తన్నిందని రాస్తాను. ఫ్రిజ్‌ల సంగతులు మాత్రం నమ్మవచ్చు. మిగతావి పాఠకులు తమకు తోచినంత తగ్గించుకోవాలి.

నేను రిటైరవడానికి ముందటి వేసవి, బర్మావాళ్ల నీళ్ల పండుగ ఇంకా వారం ఉందనగా ఈ పని నాకు తగిలింది. అప్పటికి యాంగోన్‌లో సేక్కాన్ రేవు పక్కన ఒక చేపల కోల్డ్ స్టోరేజీలో హెడ్ మెకానిక్‌ని. పెద్ద హోదా. నా పైన ఒక ఇంజనీరు, నా కింద రెండు స్క్రూడ్రైవర్లు. పని మాత్రం రేవుది కాదు, పజుండౌంగ్ పేటలో పప్పుల కొట్టు నడిపే అప్పన్నది. అతను జపాన్ నుంచి దిగిన పాత వ్యాను కొని, లోపల మంచం, పొయ్యి, చిన్న గ్యాస్ ఫ్రిజ్ పెట్టించాడు. అది చక్రాల మీద రాజమహలని అతని అభిప్రాయం. అందులో కాళ్లు చాపాలంటే తలుపు తియ్యాలని నా అభిప్రాయం.

వ్యాను వాళ్లమ్మ సింహాచలమ్మ గారి కోసం. మోలమైన్‌లో ఆవిడ చెల్లెలు మంచం పట్టింది. రోజంతా ప్రయాణం చేసి వెళ్లి చూడాలి. కానీ ఆవిడకు రోజూ ఇన్సులిన్ సూది పడాలి, ఆ మందు దారి పొడవునా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ పనిచేస్తేనే ప్రయాణమని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. థర్మామీటరు పెట్టి చూశాను. పంతొమ్మిది.

ఇలాంటి ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. చిన్న గ్యాస్ మంట అమ్మోనియా ద్రావణాన్ని మరిగిస్తుంది, వేడి వెనకనున్న రేకుల గుండా బయటికి పోతుంది. వ్యాను గోడకు కింద ఒక జాలీ, పైన ఒక జాలీ. కింద గాలి వస్తుంది, పైన వేడి పోతుంది. యాంగోన్ ఏప్రిల్‌లో కింద వచ్చేదీ వేడిగాలే గనక, దాన్ని తొందరపెట్టడానికి అరచేతంత ఫ్యాను ఒకటి పెడతాం. వ్యాను బ్యాటరీ మీద నడుస్తుంది. రేకుల కింద, గాలి పైకి కొట్టేలా బిగించి స్విచ్ వేశాను. విమానం లేచినంత చప్పుడు. సాయంత్రం చూస్తే ఇరవై!

ఫ్యాను పెడితే వేడెక్కిన ఫ్రిజ్ నా సర్వీసులో అదొక్కటే. నేను తెరిచిన నోట్లో రెండు ఈగల కుటుంబాలు కాపురం పెట్టుకున్నాయి.

గాలి దారి తెలుసుకోవాలంటే కింది జాలీ దగ్గర అగరువత్తి పట్టుకుంటాం. పొగ లోపలికి పోవాలి. అది తిరిగి నా ముఖానికే వచ్చింది. దాంతో పాటు ఒక వాసన. అమ్మోనియా కారితే ముక్కు ఊడిపడేంత ఘాటు వస్తుంది. ఇది పచ్చడికి కొబ్బరి వేయిస్తున్న కమ్మటి వాసన.

పై జాలీ మరలు విప్పాను. రేకులకు ఆనుకుని, సందంతా మూసేస్తూ, పసుపు గుడ్డ మూట. గుడ్డ నల్లబడింది. లోపల కొబ్బరికాయ పగిలి నూనె కారుతోంది. కింద మంట! నేను వేసిన కేకకు నది అవతల దలా రేవులో పడవలు కదలడం మానేశాయి. గబగబా గ్యాస్ కట్టేశాను.

ఫ్రిజ్ చల్లబడిందేమో చూద్దామని మందు బుడ్డి పట్టుకుని వస్తున్న సింహాచలమ్మ గారు, నాకంటే పెద్ద కేక వేశారు.

“ముట్టుకోకు బావూ! అది నా ముడుపు!”

చెల్లెల్ని కళ్లారా చూస్తే దేవుడికి చెల్లిస్తానని మొక్కుకుని కట్టిన కాయ. వడ్రంగి జాలీ బిగించకముందే పెట్టారట. మొక్కు తీరేదాకా కదపకూడదు. కదిపితే చెల్లెలికేమవుతుందోనని ఆవిడ భయం.

“అక్కడెందుకెట్టేవే అమ్మా?” అన్నాడు అప్పన్న, తల పట్టుకుని.

“దేవుడి గూడు నేని బండి ఏటి బండిరా? ఆ ఎనకాల గూడు దేవుడికే ఇడిసిపెట్టేరనుకున్నాను.”

“దేవుడికి ఏడెక్కిపోదేటి?”

“నీ కొట్లో దేవుడు మిరపకాయల బస్తా మీద కూకోనేదేటి? ఏనాడైనా తుమ్మేడా?”

అప్పుడు నేను గంభీరంగా అడిగాను. కాయ ఉంటే మందు చెడుతుంది, మందు చెడితే మీరు వెళ్లరు, మీరు వెళ్లకపోతే మొక్కెలా తీరుతుందని. ఆవిడ వ్యాను మెట్టు మీద కూర్చున్నారు. తర్వాత కొంగు పరిచారు.

“నా ఒళ్లో ఎట్టు. ఇప్పలేదు గదా, సోటు మారింది. అంతే.”

సందు శుభ్రం చేసి, జాలీ బిగించి, మళ్లీ మంట వెలిగించాను. అగరువత్తి పొగ లోపలికి పరుగెత్తింది. పొద్దున్నకి ఆరు డిగ్రీలు. మోలమైన్ దాకా ఆవిడ ఆ మూటను ఒళ్లోంచి దించలేదని అప్పన్న ఫోన్ చేసి చెప్పాడు. చెల్లెలు కళ్లు తెరిచి అక్కతో అన్న మొదటిమాట: “ఏటే అప్పా, పచ్చడి నూరుతూ నూరుతూ వొచ్చీసేవేటి?”

ఫ్యాను గాలికి దారి చెయ్యదు, ఉన్న దారిలో నెడుతుంది. దారి మూసుకుని ఉంటే వేడినే తిప్పితిప్పి కొడుతుంది. కాబట్టి బిగించేముందు పై జాలీ విప్పి చూడాలి. మన తెలుగువాళ్ల బండి అయితే, లోపల దేవుడున్నాడేమో అడగాలి కూడా.

ఇక నేను కల్పించింది కొబ్బరికాయను కాదు. నూనె, వాసన, చెల్లెలి మాట, అన్నీ నిజం. నేను గంభీరంగా చెప్పిన ఆ తర్కమే అబద్ధం. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాను, అంతే. ఆవిడే మందు బుడ్డి వేపు ఒకసారి, ముడుపు వేపు ఒకసారి చూసి, ఎవరూ చెప్పకుండానే కొంగు పరిచారు.