దగ్గని గొంతు

అద్దంకి రోడ్డులో మిరప కల్లాల పక్కన బస్సు ఆగింది. ఘాటుకి బస్సంతా ఒకటే దగ్గు. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరేటప్పుడు ఆడవాళ్లందరూ ముక్కుకి కొంగు కట్టుకునేవాళ్లు. ఆమె మాత్రం ఎండుకాయల మీద నిప్పురవ్వ పడకుండా, చుట్ట వెలిగించిన కొసనే నోట్లో పెట్టుకుని పీలుస్తూ కూర్చునేది. ఒక్కసారీ దగ్గేది కాదు. పక్కన నేను దగ్గి దగ్గి ఏడుస్తుంటే, "రాటుదేలాలే పిల్లా! నా గొంతు ఎప్పుడో అరికాలైపోయింది" అని నవ్వేది. నా గొంతు కూడా అలా అవ్వాలని, ఆ పొగలోకే జరిగి కూర్చునేదాన్ని.

ఒక ఏడు ఆమెకి మాట పడిపోయింది. పట్నం తీసుకెళ్తే, బ్రాడీపేటలో డాక్టరు నాన్నతో అన్నాడు: "పొగకీ ఘాటుకీ తట్టుకోలేక గొంతు లోపలి కణాలే మారిపోయాయండీ. దుమ్ముని బయటికి నెట్టే సన్నటి నూగున్న కణాలు పోయి, చర్మం లాంటి మొద్దు కణాలొచ్చాయి. అక్కడే పుండు లేచింది."

"మంచిదేగా నాన్నా, ఇంక ఘాటు తగలదుగా!" అన్నాను సంబరంగా.

నాయనమ్మ నా తల నిమిరి ఏదో చెప్పబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ కాయ కల్లానికి రాకముందే ఆమె పోయింది.

పెద్దయ్యాక నేనూ ఆ కల్లాల్లోనే కాయలేరి బతికాను.

బస్సులో పక్కావిడ కళ్లు తుడుచుకుంటూ, "మీకు ఘాటు తగలట్లేదాండీ?" అనడిగింది.

గట్టిగా దగ్గబోయాను. దగ్గు రాలేదు.