తూము దగ్గర తొమ్మిదడుగులు

సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లకు ఇది బోధపడదు. కంబదూరు దగ్గరి ఆ జలాశయంలో నీళ్లున్నాయంటే చాలు, అనంతపురం నుంచి జనం పిల్లాపాపలతో, టిఫిన్ క్యారియర్లతో దిగుతారు. ఈదడానికి కాదు, వాళ్లలో ఈత వచ్చినవాళ్లు ఎందరని! పడవెక్కడానికి, ఊరికే చూడటానికి. ఎన్ని నదుల గట్ల మీద కూర్చున్నా, నీళ్లను అంత ఇష్టంగా చూసే మనుషులు మరెక్కడా కనబడరు.

బోర్లు ఎండిన ఏడాది అవే నీళ్లు ట్యాంకర్లలో పద్నాలుగు ఊళ్లకు తాగడానికి పోవాలి. అందుకని ఒక నియమం ఉంది: తూము దగ్గరి రాతిపలక మీద మట్టం ఆరడుగులకు దిగితే పడవలు కట్టేయాలి. పొద్దున్నే ఆ పలక చూసి పుస్తకంలో అంకె రాసేవాడు లష్కరు షఫీవుల్లా. పందొమ్మిదేళ్లుగా నీళ్లకు కాపలా కాయడమే అతని ఉద్యోగం.

కూతురు హీనా, భర్త పోయాక, రేవు దగ్గర మిరపకాయ బజ్జీల బండి పెట్టుకుంది. ఆమె ఇల్లు గడిచేది ఆదివారాల మీదే.

ఏప్రిల్‌లో, పలక తొమ్మిదడుగులు చూపిస్తున్న ఒక శనివారం పడవ నడిపే తిప్పయ్య, జారిపోయిన తెడ్డు కోసం తూము పక్కన గట్టు వారగా దిగి బురదలో తొడల దాకా కూరుకుపోయాడు. పైకి లాగుతున్న షఫీవుల్లాతో నవ్వుతూనే అన్నాడు: "అన్నా, నీ తొమ్మిదడుగుల్లో నీళ్లెంత, బురదెంత?"

షఫీవుల్లాకు నవ్వు రాలేదు. మరునాడు తెల్లవారుతూనే పలక పక్కన వెదురుగడ దించాడు. నాలుగడుగులు సులువుగా పోయింది. ఆ తర్వాత మెత్తగా, ఇష్టం లేనట్టు, ఇంకో ఐదడుగులు దిగి రాతికి తగిలింది. పలక నాటిన రోజున ఆ రాయే అట్టడుగు. వాన పడ్డప్పుడల్లా వంకలు తెచ్చిన ఒండ్రు దాని మీద పేరుకుంది. అతను పైన అంకె చూశాడే గాని, కింద ఏముందో ఒక్కరోజూ తడిమి చూడలేదు. అంకె అబద్ధం కాదు, దాని కింద అన్ని నీళ్లే లేవు.

ఫోను చేస్తే పై అధికారి, పలక ఎంత చూపిస్తే అంత రాయమన్నాడు. షఫీవుల్లా తొమ్మిదని రాసి, పక్కనే "నీళ్లు నాలుగు, బురద ఐదు" అని కూడా రాశాడు. తర్వాత పోయి మూడు పడవలకూ గొలుసు చుట్టి తాళం వేశాడు.

అప్పుడే హీనా శెనగపిండి బకెట్టుతో వచ్చింది.

"ఏం చేస్తాండావు నాయనా? పలక తొమ్మిది చూపిస్తాండాది కదా."

"చూపిస్తాదిమ్మా. బురద తాగలేరు కదా."

"ఈ ఒక్క ఎండాకాలం గడవనీ. పందొమ్మిదేండ్లు చూడని కండ్లు, నేను బండి పెట్టినంకనే తెరుచుకోవాల్నా?"

షఫీవుల్లా ఆమెను తూము దగ్గరికి తీసుకెళ్లాడు. గడ ఆమె చేతికిచ్చాడు. ఆమె కోపంగానే దించి, పైకి లాగి, పక్కన నిలబెట్టుకుంది. బురద మరక ఆమె నుదుటి దాకా వచ్చింది. దాన్ని వేలితో తడిమి చూసింది. ఆమె అత్తగారి ఊరు ట్యాంకరు నీళ్లు పోయే ఆ పద్నాలుగు ఊళ్లలో ఒకటి.

బస్సు దిగిన జనం పడవలెప్పుడని అడిగారు. తండ్రి నోరు తెరవకముందే ఆమె చెప్పింది.

"ఈడ పడవలు లేవప్పా. నీళ్లు చూసి పోండి."

పిండి బకెట్టు మీది మూత ఆ రోజు తీయలేదు.