సీతారావమ్మ గేటు ముందు బర్రె

ఉప్పుగూడలో పాలు పోసే గోవర్ధన్‌కు చదివిన పుస్తకాన్ని కడుపులో దాచుకోవడం చేతకాదు. నాలుగిళ్ళ అవతల ఉండే సీతారావమ్మ, ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దావిడ, తన బీరువాలోంచి అతడికి నవలలు ఇస్తుంటుంది. కొట్టంలో బక్కెట్టు బోర్లించి కూర్చుని చదువుతాడు. మర్నాడు పాలతోపాటు తన తీర్పునూ ఇంటింటికీ పోసి వస్తాడు.

దయ్యాల నవల చదివిన వారమంతా తన గేదె బిజిలీని ఒంటరిగా పడుకోనివ్వలేదు. నన్నెప్పుడన్నా గట్ల చూసుకున్నవా అని భార్య రుక్మాబాయి దెప్పింది. ప్రేమ నవలలో హీరో మూడొందల పేజీలు ఉత్తరాలు రాస్తూ చించేస్తూ ఉంటే గోవర్ధన్ ఉండబట్టలేకపోయాడు. వాడు మన గల్లీవాడైతే చెవి పట్టుకుని తీసుకెళ్ళి పిల్ల ముందు నిలబెట్టేవాణ్ణని యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్లో అందరికీ చెప్పాడు.

అలాంటివాడి కొంప ఈసారి ఇచ్చిన నవల ముంచింది. అందులో ఒక పాలవాడున్నాడు. సగం దాకా మంచివాడే. సగం దాటాక పాలు పల్చబడ్డాయి, కథలోని చంటిపిల్ల బక్కచిక్కింది, వీధంతా పాలవాణ్ణి అనుమానించడం మొదలుపెట్టింది. గోవర్ధన్ ఠక్కున పుస్తకం మూసేశాడు. సీతారావమ్మకు ఏడాదిన్నర మనవరాలుంది. ఆ పిల్ల తాగేది తన పాలే. బరువు పెరగడం లేదని హైరానా పడుతున్న కోడలు బిందుమాధవి, పాలు ఈమధ్య పల్చగా ఉంటున్నాయేమిటని మొన్ననే గుమ్మంలో అడిగింది కూడా. అంటే ఇది ఊరికే ఇచ్చిన పుస్తకం కాదు. నోటితో అనలేక నవలతో అనిపించారు.

అన్నం ముట్టలేదు. మిగతాది కూడా చదివి చూడమంది రుక్మాబాయి. ఇజ్జత్ పోయినంక మిగతాదెందుకన్నాడు.

తెల్లవారగానే పాలక్యాను ఇంట్లో వదిలేసి, ఒక చేత్తో చెంబు, మరో చేత్తో బిజిలీ పలుపు పట్టుకుని బయల్దేరాడు. నవల చంకలో ఉంది. అతడి తాత ఆ రోజుల్లో గేదెను గడప ముందుకే తోలుకెళ్ళి, కొనేవాళ్ళ కళ్ళెదుటే పితికి ఇచ్చేవాడు.

మలుపులో ఆటో కడుగుతున్న ఓదెలు ఆపాడు. "ఏందన్నా, బరాతా? పెండ్లికొడుకేడి?"

గోవర్ధన్ పలుపు గుంజుతూ ముందుకు నడిచాడు. బిజిలీ మాత్రం ఆగి ఆటో సీటు నాకింది.

సీతారావమ్మ తలుపు తీసేసరికి గేదె గేటులోంచి తల దూర్చి ఆవిడ బంతిమొక్కను నములుతోంది.

"ఇదేమిటి గోవర్ధనూ?"

"మీ కండ్ల ముంగటనే పిండుతనమ్మా. నీళ్ళు యాడ కలుస్తున్నయో మీరే సూడున్రి."

విషయమంతా విని సీతారావమ్మ నోరు తెరిచింది. ఆవిడ ఆ నవల చదవనేలేదట. కళ్ళు మసకబారినప్పటి నుంచి, అతడు వచ్చి చెప్పే కథలతోనే సరిపెట్టుకుంటోందట.

"ఇంతకీ ఆ పాలవాడు నీళ్ళు కలిపాడా, లేదా?"

గోవర్ధన్‌కు తెలియదు.

"చివరిదాకా చదవకుండానే గేదెను తోలుకొచ్చావా? కూర్చో. చదువు."

మెట్ల మీద కూర్చుని, మధ్య పేజీలు గబగబా తిప్పేస్తూ పైకి చదివాడు. బిందుమాధవి పిల్లను చంకనేసుకుని వచ్చి నిలబడింది. ఓదెలు తడిగుడ్డతోనే వచ్చాడు. చివరి అధ్యాయంలో అసలు సంగతి బయటపడింది. పాలవాడు ఏ పాపమూ ఎరగడు. బర్రెపాలు పిల్లకు అరగవని నీళ్ళు కలుపుతున్నది ఆ ఇంటి నాయనమ్మే.

గోవర్ధన్ ఎన్నికల్లో గెలిచినవాడిలా తలెత్తాడు. ఓదెలు అతడి భుజం చరిచాడు. బిందుమాధవి మాత్రం మెల్లగా అత్తగారివైపు తిరిగింది.

సీతారావమ్మ బంతిమొక్కను చూస్తోంది.

"అత్తయ్యా."

"కాస్తేనే. పావుగ్లాసు. మీ ఆయనకూ చిన్నప్పుడు అలాగే పట్టాను."

"అందుకే ఆయన అలా ఉన్నారు" అంది బిందుమాధవి. గోవర్ధన్ చేతిలోని చెంబు తీసుకుని, నిండేదాకా తనే పట్టుకుంటానని పిల్లతో సహా గేదె పక్కన నిలబడింది.

సీతారావమ్మ మెట్టు మీద కూలబడింది. ఆ రాసినవాడికి నాయనమ్మలంటే అంత కసి ఎందుకో, ఎవరు చెప్పి రాయించారో అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది. గోవర్ధన్‌కు జాలేసింది.

"ఊకోన్రమ్మా" అన్నాడు పాలు పిండుతూనే. "ఉత్త కథనే గదా. పుస్తకంల రాసింది గింత మనసుకు పెట్టుకుంటరా ఎవరన్నా?"