గోడకు పట్టిన చీరలు

“ఇంక సున్నం కొట్టొద్దు,” అంది దొరసాని బస్సు మెట్టు మీద నిలబడి, వచ్చీరాని తెలుగులో. “అది మేం చూసుకుంటాంలే, ముందు నువ్వు పొయ్యి కూర్చో,” అన్నాను. మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు. తర్వాత ఆమె రాలేదు, నేను ఉత్తరం రాయలేదు (రాయడం వస్తే కదా! ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది).

నాకు పెళ్లి కుదిరిన ఆ కాలంలో, మా అల్లూరు వైపు శుభకార్యం అంటే ముందు గోడకు వెల్ల పడాల్సిందే. ఇల్లయినా అంతే, చర్చి అయినా అంతే. పాతదాన్ని ప్రేమించడం అంటే మాకు తెలిసింది అదొక్కటే, కడిగి, తెల్లగా చేసి, కొత్తదానిలా నిలబెట్టడం. దొరసాని దారి వేరు. పరాయి దేశం నుంచి వచ్చింది, పాత కట్టడాలు కాపాడే చదువేదో చదివిందట. మా తాతల నాటి చర్చి గోడ మీద పొరలు కట్టిన సున్నాన్ని చిన్న కత్తితో గీకుతూ, అడుగున ఏముందో చూస్తూ కూర్చునేది. ఆమె పని అయ్యేదాకా గోడ ముట్టుకోవద్దన్నారు సంఘపెద్దలు. నా పెళ్లి దగ్గరపడేసరికి ఆ గోడ గజ్జి పట్టిన కుక్క వీపులా తయారైంది.

నేను అన్నం మానేసి ఏడ్చాను. “ఆ గోడల మధ్యన నేను పెళ్లి చేసుకోను. మగపెళ్లోళ్లు నవ్విపోతారు!” మా మేనత్త దొరసాని మీదికే పోయింది. “ఏందమ్మే, మీ దేశంలో ముసలమ్మకు పండగనాడన్నా మంచి గుడ్డ కట్టరా?” దొరసాని మాటలు వెతుక్కుని, “ముసలమ్మ బాగుంది. మొహం మూయొద్దు,” అంది. “మొహం గీకేది నువ్వే కదా!” అంది అత్త.

చివరికి చీరలతో కప్పుదామనుకున్నారు. మేకు కొట్టకూడదంది దొరసాని. జిగురూ అంటించకూడదంది. “అయితే మేమే పట్టుకోనుంటాం, పో,” అంది అత్త.

అలా పెళ్లినాడు మా ఆడవాళ్లు గోడ పొడవునా బల్లలెక్కి, చేతులు పైకెత్తి, తలా ఒక పట్టుచీర పట్టుకుని నిలబడ్డారు. ఒక చీరకు మనిషి తక్కువైతే దొరసానే బల్లెక్కింది. చర్చి మెరిసిపోయింది. నేను మహారాణిలా నడిచాను. పాస్టరయ్య “ప్రార్థన చేసుకుందాం” అనేదాకా అంతా బాగానే ఉంది. ఆ మాట వినపడగానే, చిన్ననాటి అలవాటు కొద్దీ, అందరూ కళ్లు మూసి చేతులు జోడించారు. చీరలన్నీ జలజలా జారిపడ్డాయి.

చప్పుడుకు కన్ను తెరిచాను. గీకిన చోట, సున్నం అడుగున ఎవరో ఎప్పుడో వేసిన నీలిరంగు తీగ బొమ్మ, ఆకులతో సహా. మా అమ్మ కూడా ఎరగని తీగ. దాని పక్కన ఒకే ఒక్క చీర ఇంకా పైన ఉంది. దొరసాని మునివేళ్ల మీద నిలబడి, పట్టు వదలకుండా, నా కోసం తన గోడను దాస్తోంది. పెళ్లికొడుకూ చూశాడు. “ఆమెను దిగమను. గోడ బాగుండాది,” అన్నాడు గుసగుసగా, ఆపుకోలేక నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమేన్ అన్నామో లేదో ఇద్దరికీ గుర్తులేదు.

ఇప్పటికీ క్రిస్మస్ ముందు చర్చికి వెల్ల వేస్తారు, ఆ తీగ ఉన్న చోటు వదిలేసి. కుంచె అటు పోకుండా కుర్చీ వేసుకుని నేనే కాపలా కూర్చుంటాను. “దొరసానమ్మ వచ్చిందిరోయ్!” అని ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. మా ఆయన పోయాక నాకు ఆ గోడ దగ్గర పొద్దు తెలియదు.

ఏం పాపా, అంతా రాసినావా? ఆయన నవ్విన కాడ ఒకసారి చదువు.