రాణిగారి రెండో బిడ్డ నాటిన మొక్క

హేమచంద్ర పుట్టింది కడియపులంకలో. అక్కడ ఇంటి గుమ్మం దాటితే నర్సరీ, అది దాటితే ఇంకొకరి నర్సరీ. ఆరో క్లాసులోనే గులాబీకి అంటు కట్టేవాడు. అయినా ఈ మట్టి పని తనకొద్దని, కంప్యూటర్లే కావాలని పట్టుబట్టి అడిలైడ్ వచ్చి ఐటీలో మాస్టర్స్ చేశాడు. చదువుకుంటూనే ఖర్చుల కోసం ఒక నర్సరీలో కుండీలు మోసే పనికి కుదిరాడు. నెల తిరక్కుండానే అతని పనితనం చూసి ఆ నర్సరీ యజమానురాలు అంట్ల షెడ్డు మొత్తం అప్పగించేసింది.

తర్వాత ఐటీ ఉద్యోగమూ వచ్చింది. ఏడాది కూడా చెయ్యలేదు, మానేశాడు. స్నేహితులు నెత్తి కొట్టుకుంటే, "ఏసీలో కూర్చుంటే నా చేతులు నావి కానట్టుంటోందిరా" అన్నాడు. మళ్ళీ యూనివర్సిటీకి వెళ్ళి హార్టికల్చర్ చదివి, కొండల పాదాల దగ్గరున్న ఒక పెద్ద పబ్లిక్ తోటలో చేరాడు. ఇల్లు అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో. భార్య ఉదయలక్ష్మి ఫార్మసిస్టు. కూతురు అమ్ములుకి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

ఆ తోటలో వాగు పక్కన ఒక వాలు ఉంది. ఊరికి వచ్చిన పెద్దవాళ్ళ చేత అక్కడ మొక్కలు నాటిస్తారు. మంత్రులు, క్రికెటర్లు, జడ్జీలు, అందరి చెట్లూ వరసగా ఉంటాయి. వాటి పని హేమచంద్రది. ముందురోజే గొయ్యి తవ్వి, మట్టి జల్లెడ పట్టి, మొక్కను నిలబెట్టి ఉంచుతాడు. వచ్చినాయన పారతో మూడుసార్లు మట్టి వేస్తాడు. ఫొటోలు తీస్తారు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళిస్తారు. కార్లు వెళ్ళిపోయాక హేమచంద్ర మొక్కను బయటికి తీసి, అప్పుడు అసలుగా నాటి పాదు కడతాడు.

ఒక అక్టోబరులో ఐరోపాలో ఉత్తరం వైపున్న ఒక చిన్న రాజ్యం నుంచి ప్రిన్స్ యాస్పర్ వస్తున్నాడన్నారు. అక్కడి రాణిగారికి రెండో బిడ్డ. సింహాసనం అక్కగారికి వస్తుంది. తల్లీ అక్కా వెళ్ళలేని ఊళ్ళన్నిటికీ ఈయన వెళ్తాడు. వాళ్ళ దేశంలో ఊరూరా ఉండే లిండెన్ చెట్టు నాటాలని ఎంబసీ వాళ్ళు అడిగారు. ఇక్కడి ఎండకి అది ఆగుతుందా అని అనుమానపడ్డా, సాయంత్రం నీడ పడే చోటు చూసి, "బతికించొచ్చు" అని మాటిచ్చింది హేమచంద్రే. అడిలైడ్ హిల్స్‌లో ఒక నర్సరీలో మనిషెత్తు మొక్క దొరికింది.

తోట మేనేజరు డెబ్రా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆయన చెయ్యి చాపితేనే చెయ్యి కలపాలి. రాజకీయాలు అడక్కూడదు, ఆయన చెప్పకూడదు కూడా. సెల్ఫీలు వద్దు. మొదటిసారి "యువర్ హైనెస్" అనాలి, తర్వాత "సర్" చాలు.

ఆ సాయంత్రం అమ్ములు అడిగింది. "డాడీ, ప్రిన్స్ అంటే... వాట్ డస్ హి యాక్చువల్లీ డూ?"

"నాకూ తెలీదమ్మా. రేపు చూసొచ్చి చెప్తా."

మర్నాడు కారు దిగినాయన నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఎండకి ముక్కు ఎర్రగా కందిపోయింది. అప్పటికే ఆ పొద్దున ఒక బళ్ళో పిల్లల పాట విని, ఒక సదస్సు ప్రారంభించి, వాళ్ళ దేశపు పాతకాలం నావికుల సమాధుల మీద పూలు పెట్టి వస్తున్నాడు. అయినా వరసలో నిలబడ్డ ఒక్కొక్కరినీ ఏదో ఒకటి అడిగాడు. టీ ఇచ్చే ఆవిడని కూడా "పొద్దున్నించీ నిలబడే ఉన్నారా?" అని అడిగాడు. కుడిచెయ్యి వాచి ఉందని హేమచంద్ర గమనించాడు. వారం రోజులుగా చేతులు కలిపి కలిపి అలా అయింది. పారను ఎడమచేత్తోనే అందుకున్నాడు.

మూడుసార్లు మట్టి వేశాడు. కెమెరాలు చప్పుడు చేశాయి. డెబ్రా చప్పట్లకి చేతులెత్తింది. ప్రిన్స్ మాత్రం కోటు విప్పి వెంట వచ్చినాయన చేతికిచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మొక్క మొదట్లోకి వేళ్ళు పెట్టాడు.

"కుండీలో వేర్లు చుట్టుకుపోయాయి. విప్పారా?"

హేమచంద్ర ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. "అడుగువి విప్పాను సర్. పైవి మీరు వెళ్ళాక..."

"నేను వెళ్ళాకా?"

"నాటేది అప్పుడే సర్."

డెబ్రా మొహం మారిపోయింది. ప్రిన్స్ మాత్రం నవ్వాడు. "అయితే ఇప్పుడే నాటేద్దాం, రండి."

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని మొక్కను బయటికి లాగి, వేర్లు విప్పి, మళ్ళీ దింపారు. మట్టి అదుముతూ ఆయన తన సంగతి చెప్పాడు. అడవుల చదువు రెండేళ్ళు చదివాడట. ఈ ప్రారంభాలూ పర్యటనలూ చూసే మేనమామ హఠాత్తుగా పోవడంతో చదువు మధ్యలోంచి పిలిపించారట. "మీకు ఈ పని ఎక్కడ అబ్బింది?"

"ఇంట్లోనే సర్. మా ఊళ్ళో అందరిదీ ఇదే పని. తప్పించుకుందామనే ఈ దేశం వచ్చాను."

"నేను అంత దూరం కూడా పోలేకపోయాను" అన్నాడాయన, వేళాకోళంగానే. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను వెళ్ళేసరికి ప్రతి లిఫ్టూ తలుపు తెరుచుకుని ఉంటుంది. ఆస్పత్రికి వెళ్తే రోగులందరూ నవ్వుతూ ఉంటారు. నేను నాటిన చెట్లన్నీ బ్రహ్మాండంగా పెరుగుతున్నాయని ప్రతి దేశం నుంచీ కబురు వస్తుంది. ఒక్కటీ చావలేదట! అడవుల చదువు రెండేళ్ళు చదివినవాడు నమ్మే మాటేనా అది?"

హేమచంద్ర తల ఊపి, మొదట్లో ఇంకో గుప్పెడు మట్టి వేశాడు.

"ఇది చస్తే చచ్చిందని చెప్తారా?"

"చెప్తాను సర్."

ఆయన లేచి ప్యాంటుకంటిన మట్టి దులుపుకున్నాడు. వెంట వచ్చినాయన అప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. తర్వాతి చోట భోజనం, ఉపన్యాసం.

ఇంటికొచ్చాక హేమచంద్ర కూతురితో అన్నాడు. "పొద్దున్నించీ రాత్రిదాకా ఎవరెవరో చెప్పేది వింటాడమ్మా. తనకేం కావాలో మాత్రం చెప్పడు. అదీ ఆయన పని."

"దట్ సౌండ్స్ హార్డ్" అంది అమ్ములు.

జనవరిలో ఎండ నలభై నాలుగు దాటింది. హేమచంద్ర లిండెన్‌కి పడమటి వైపు నీడగుడ్డ కట్టాడు, మొదట్లో ఎండుగడ్డి పరిచాడు. సెలవురోజున కూడా వెళ్ళి నీళ్ళ గొట్టం చూసుకునేవాడు. ఆకు అంచులు కాస్త మాడాయి గానీ మొక్క నిలబడింది. గండం గడిచిందనుకున్నాడు.

ఫిబ్రవరిలో కొరెల్లాలు దిగాయి. అవి తెల్లటి చిలకలు. వందల్లో వచ్చి వాగు పక్క యూకలిప్టస్‌ల మీద వాలి, చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. ఆకలి కోసం కాదు, సరదాకి ముక్కుతో దొరికిందల్లా కొరుకుతాయి. ఒక సోమవారం పొద్దున హేమచంద్ర వెళ్ళేసరికి లిండెన్ మొదలు చుట్టూ జానెడు మేర బెరడు లేదు. లోపలి తెల్ల కర్ర బయటపడి ఉంది. చుట్టూతా బెరడు పోయిన చెట్టుకి పైకి నీళ్ళు అందినా, ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకి దిగదు. తడిగుడ్డ చుట్టాడు, మైనం పూశాడు. పై కొమ్మ ఒకటి కోసి, గాయం మీదుగా వంతెనలాగా అంటు కట్టి చూశాడు. ఏదీ పట్టలేదు. ఆకులు వేలాడి, ఎండి, రాలిపోయాయి.

మార్చిలో ప్రిన్స్ వాళ్ళ దేశపు పండగ రోజు. అంబాసిడర్ కాన్‌బెర్రా నుంచి వచ్చి చెట్టు దగ్గర ఫొటో దిగుతానంది. అక్కడ కొత్తగా కట్టబోయే పిల్లల తోటకి ఆ ఎంబసీ సాయం చేస్తానని మాటిచ్చి ఉంది కూడా. డెబ్రా హేమచంద్రని ఆఫీసులోకి పిలిచింది. చెడ్డమనిషి కాదు, ఆ పిల్లల తోట కోసం మూడేళ్ళుగా తిరుగుతోంది.

"అదే నర్సరీలో అదే ఎత్తు మొక్క ఇంకోటుందట. తెచ్చి పెట్టెయ్, హేమ్. ఎవరికీ తెలీదు."

"పెడతాను. పెట్టామని చెప్దాం."

"చెప్పడమెందుకు? ఆ వచ్చే అంబాసిడర్ ఈ చెట్టుని ఎప్పుడూ చూడనేలేదు."

ఒక్కరోజు గడువు అడిగి ఇంటికొచ్చాడు. ఉదయలక్ష్మి కూర తరుగుతూ అంతా వింది.

"ఆయనేదో మాటవరసకి అడిగాడని మీరు ఉద్యోగం మీదకి తెచ్చుకుంటారేంటండీ? పెద్దవాళ్ళు వంద అడుగుతారు, కారెక్కగానే మర్చిపోతారు."

"మర్చిపోయే ఉంటాడు."

"మీరు చెప్తానన్నారా?"

"అన్నాను."

"మరింక నన్నడగడం దేనికి?" అని ఆవిడ మళ్ళీ కత్తిపీట వైపు తిరిగింది.

మర్నాడు డెబ్రాకి చెప్పేశాడు. "మొక్క మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు. మార్చిన సంగతి దాచడం మాత్రం నా వల్ల కాదు."

"సరే. అంబాసిడర్‌కి నువ్వే చెప్పుకో" అందావిడ, కంప్యూటర్‌లోంచి తలెత్తకుండానే.

అంబాసిడర్ వచ్చిన రోజున హేమచంద్ర ఆవిణ్ణి ఆ ఎండుకర్ర దగ్గరికే తీసుకెళ్ళాడు. గాయం చూపించాడు, చేసిన వైద్యం చెప్పాడు. ఆవిడ వంగి ఆ గాయాన్ని వేలితో తడిమింది. తర్వాత, "ఏ పిట్ట?" అంది. నెత్తిమీద గుంపు అరుస్తూ పోతుంటే వేలెత్తి చూపించాడు. ఆవిడ ఆ కర్రని ఫోన్‌లో ఫొటో తీసుకుని, చెయ్యి కలిపి, డెబ్రాతో పాటు టీకి వెళ్ళిపోయింది.

పిల్లల తోట సంగతి ఆలోచిస్తామన్నారట. ఆలోచిస్తామంటే ఏమిటో డెబ్రాకి తెలుసు. హేమచంద్రని ఆ వాలు పని నుంచి తప్పించి ఎరువు షెడ్డులో వేసింది. అతను రోజూ ఆకుచెత్త తిరగేస్తూ, అనవసరంగా నోరు పారేసుకున్నానా అని లోలోపల మథనపడేవాడు.

మే నెలాఖరులో షెడ్డులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఒకావిడ, "ప్రిన్స్ యాస్పర్ మాట్లాడతారు, లైన్‌లో ఉండండి" అంది. ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాడు.

"హేమచంద్రగారా? చెట్టుని చిలకలు తిన్నాయటగా!" అదే గొంతు. వెనకాల కారు చప్పుడు. చేపల మార్కెట్ ఒకటి ప్రారంభించి, ముసలివాళ్ళ హోమ్‌కి పోతున్నాడట.

"సారీ సర్. చాలా ప్రయత్నం చేశాను."

"వంతెన అంటు కూడా కట్టారని చెప్పారు. వినండి, అంబాసిడర్ పంపిన ఆ ఎండుకర్ర ఫొటో చూశాక మిగతా చెట్ల నిజం కనుక్కోమని మా ఆఫీసు వాళ్ళని తరిమాను. ఒకటి ఉన్నచోట ఇప్పుడు కార్ పార్కింగ్ ఉందట. ఒకటి వారంలోనే దొంగలెత్తుకుపోయారట. ఇంకోచోట నా పేరు పలకమీద అలాగే ఉంది, వెనకాల ఉన్నది మాత్రం నేను నాటిన జాతే కాదు!" చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక చెప్పాడు. "ఒక దీవిలో, ఒక బడి ఆవరణలో, నేను నాటినది నిజంగానే పెద్దదైందట. పిల్లలు ఎక్కుతున్నారు, కొమ్మకి ఉయ్యాల కూడా ఉంది. అలాంటి కబుర్లు నాకు ఏటా వస్తాయి. చచ్చినవాటి సంగతి కూడా చెప్పారు కాబట్టి దీన్ని మొదటిసారి నమ్మాను."

హేమచంద్ర చేతిలోని పారని గోడకి ఆనించాడు. "సంతోషం సర్" అన్నాడు, అంతే.

"ఇప్పుడక్కడ ఏం పెడతారు?"

"లిండెనే సర్. ఈసారి బెరడు ముదిరేదాకా చుట్టూ ఇనపవల వేస్తాను."

"నా పేరు మాత్రం పెట్టకండి. నేను నాటింది కాదుగా."

"అది మా మేనేజరు చూసుకుంటారు సర్."

ఆయన మళ్ళీ నవ్వాడు. ఇంతలో కారు ఆగిన చప్పుడు, ఎవరో తలుపు తీసిన చప్పుడు వినిపించాయి. "వెళ్ళాలి. లోపల తొంభై నాలుగేళ్ళావిడ కేకు కొయ్యడానికి నాకోసం ఎదురుచూస్తోంది" అని ఫోన్ పెట్టేశాడు.

హేమచంద్ర ఆ ఫోన్ సంగతి డెబ్రాకి చెప్పాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పొగడ్తా లేదు, క్షమాపణా లేదు. మర్నాటి డ్యూటీల్లో మాత్రం అతని పేరు మళ్ళీ వాలు పనిలో ఉంది. పిల్లల తోటకి ఆ ఎంబసీ నుంచి సాయం రానే లేదు. ఊరి కౌన్సిల్ నుంచి కొంత డబ్బు తెచ్చి, అనుకున్నదాంట్లో సగం కట్టారు.

జూలైలో నేల బాగా నానాక కొత్త లిండెన్ నాటారు. కెమెరాలు లేవు, చప్పట్లు లేవు. డెబ్రా గమ్‌బూట్లు వేసుకుని వచ్చి, అతను వల బిగిస్తున్నంతసేపూ మొక్కకి ఊతంగా పాతిన కర్రని కదలకుండా పట్టుకుంది. వాన మళ్ళీ అందుకోవడంతో ఇద్దరూ పారలు భుజాన వేసుకుని, మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందో మాట్లాడుకుంటూ షెడ్డు వైపు నడిచారు.