సుగుణ మలుపు రాయి

మొన్న నానబెట్టిన కందులకు ఎర్రమట్టి పట్టించి డాబా మీద ఆరబోస్తుంటే, ఆ తడిమట్టి వాసనకు నా చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి. నారాయణఖేడ్‌లో ఇప్పుడు ఇంట్లో పప్పు విసురుకునేవాళ్లు ఎవరున్నారు? అంతా ప్యాకెట్ పప్పే. నాకే ఈ పిచ్చి పోలేదు.

మా చిన్నప్పుడు క్రిస్మస్ దగ్గరికొస్తే వాడంతా ఇదే వాసన. చలికి వణుకుతూ గంపలతో మట్టికి పోవడం, గోనెసంచుల మీద ఎండే కందుల మీదికొచ్చే కోళ్లను తోలడం, విసుర్రాళ్ల గరగరలు, చివరికి ఆ పప్పులో బెల్లం కలిపి పూర్ణం పెట్టి చేసిన వేడివేడి పోలెల మీద కరిగే నెయ్యి!

ఆ రోజుల్లో మా అందరికీ వింత సుగుణ. నాకంటే ఏడాది పెద్దది. మూడేళ్లప్పుడు తట్టు పోసి చూపు పోయింది. అయితేనేం, గుప్పెడు కందులు చాటలోకి జారవిడిచి, ఆ చప్పుడు విని "ఇంకొక్క పూట ఎండాలె" అందంటే పెద్దాళ్లు కూడా మారుమాట్లాడకుండా మళ్లీ ఎండబోసేవాళ్లు. చర్చికీ, మా ఇంటికీ ఒంటరిగానే వచ్చేది. ఆమె ఇంటికి తిరిగిపోయే దారికి కుడి పక్కన మట్టి తవ్వుకునే గుంత, అది దాటాక వాళ్ల సందు మొదట్లో ఒక నల్లరాయి. కాలివేళ్లకు ఆ రాయి తగలగానే టక్కున కుడికి తిరిగేది. నేనూ కళ్లు మూసుకుని ఎన్నిసార్లు నడిచి చూశానో! నాలుగడుగులకే గోడ. అబ్బ, ఈ పిల్లకు ఒళ్లంతా కళ్లేనా అని నోరెళ్లబెట్టేదాన్ని.

ఒకనాడు మధ్యాహ్నం, మా ఆటల జట్టుకు పెద్ద అయిన దాసు ఆ రాయిని దొర్లించుకొచ్చి గుంత ఎదురుగా పెట్టాడు.

"సూద్దాం ఏం జేస్తదో. చెప్పినవంటె ఇగ నిన్ను ఆటల రానియ్య" అన్నాడు నాతో.

సుగుణ వచ్చింది. కాలికి రాయి తగిలింది. ఒక్క క్షణం నిలబడింది. గోడకు ఆనుకుని వేయించిన కందులు నములుతున్న నేను "ఆగు" అంటే చాలు. అనలేదు. ఆటలో నా చోటు పోతుందని నోరు మూసుకున్నాను, సిగ్గులేనిదాన్ని. ఆమె కుడికి తిరిగి గుంతలో పడింది. పెద్దాళ్లు వచ్చేలోపే దాసు రాయిని పాత చోటికి చేర్చేశాడు.

దవాఖాన నుంచి చేతికి కట్టుతో వచ్చాక "రాయి జరిపిండ్రవ్వా" అని సుగుణ ఎంత మొత్తుకున్నా, వాళ్లమ్మ ఎస్తేరమ్మ నమ్మలేదు.

"రాయి ఆడనే ఉన్నది బిడ్డా, నువ్వే తొవ్వ తప్పినవ్. ఇగ ఒక్కదానివి గడప దాటకు."

చూడవచ్చిన గుంపులో నేనూ ఉన్నాను. అప్పుడూ మాట్లాడలేదు. చేయి అతికింది గానీ, సుగుణ ఒంటరిగా నడవడం ఆ రోజుతో పోయింది.

నిన్న ఆదివారం ఆమెను చర్చి నుంచి ఇంటికి నేనే తీసుకొచ్చాను. గుంత పూడ్చి సిమెంటు రోడ్డు వేసి చాలాకాలమైంది. అక్కడికి రాగానే నాకు ఉగ్గబట్టుకోవడం చేతకాలేదు.

"సుగుణా, గా దినం రాయి జరిపిండ్రు. నేను చూసిన."

"నాకెర్కనే. రాయి రోజుకన్న జల్ది తగిలింది. పక్కకు నువ్వు కందులు నమిలే సప్పుడు ఇనవడ్డది. తప్పయితె నువ్వు చెప్తవ్ గద అని తిరిగిన."

చూపున్న నేను గోడలా నిలబడితే, చూపులేని ఆమె నన్ను చూసింది, నమ్మింది కూడా. మీ అమ్మకు అప్పుడే చెప్పాల్సింది అని గొణిగాను.

"అవును. నువ్వు చెప్తె నమ్ముతుండె" అంది సుగుణ. "అవ్వ సచ్చేదాక నేనే తొవ్వ తప్పిననుకున్నది."